విమర్శ – విచారణ: ఒక కంప్యూటర్ ఆట నేర్పిన పాఠం

కళాశాల వార్షిక సంచికలో వీడియో గేముల ప్రసక్తి ఏమిటని కొందరు పెద్దలకు తోచవచ్చు. ఆట అంటే కాలహరణమనే అభిప్రాయం మన సమాజంలో నేటిది కాదు. అవధ్ రాజ్యం చేజారిపోతున్నా చదరంగపు బల్లను విడువని ఇద్దరు లక్నో ప్రభువుల కథను ప్రేమ్‌చంద్ 1924లోనే వ్రాశాడు. ఆ హెచ్చరికను నేను కాదనను. అయితే నేనిక్కడ చర్చింపదలచినది ఆట ఆడవచ్చునా, కూడదా అన్న విషయం కాదు. ఒక ఆటపై లోకం వెలువరించిన తీర్పులు ఎంతవరకు న్యాయమైనవి, వాటి నుండి మనం గ్రహింపదగినది ఏమిటి అన్నదే నా ప్రశ్న.

ఆ ఆట పేరు ఎక్స్‌కామ్. ఇంగ్లండుకు చెందిన జూలియన్ గొలప్, నిక్ గొలప్ అనే సోదరులు దీనిని రూపొందించగా, మైక్రోప్రోస్ సంస్థ 1994లో 'యు.ఎఫ్.ఓ.: ఎనిమీ అన్‌నోన్' అనే పేరుతో విడుదల చేసింది. గ్రహాంతరవాసులు భూమిపై దండెత్తుతారు. ఆటగాడు ఒక చిన్న సైనిక దళానికి నాయకుడై వారిని ఎదుర్కోవాలి. తన వంతులో తన సైనికులను ఒక్కొక్కరినే నడిపించాలి. ఆపైన శత్రువు వంతు.

ఇంతవరకు ఇది మన చతురంగానికి దూరపు చుట్టమే. కాని భేదాలు మూడున్నాయి. చదరంగంలో ఎదుటి బలగమంతా కంటికి కనబడుతుంది. ఇక్కడ శత్రువు చీకటిలో పొంచి ఉంటాడు. చదరంగంలో బంటుకు పేరు లేదు. ఇక్కడ ప్రతి సైనికునికీ పేరున్నది, అనుభవంతో పెరిగే నేర్పున్నది, చనిపోతే తిరిగి రాడు. చదరంగంలో చంపదలచిన పావు చచ్చితీరుతుంది. ఇక్కడ గురిపెట్టిన తూటా తప్పిపోవచ్చు. ఈ ఆటపై వచ్చిన ప్రశంసలకూ నిందలకూ మూలం చాలవరకు ఈ భేదాలలోనే ఉన్నది.

మొదటి ఆటను విమర్శకులు మెచ్చుకున్నారు. కాని ఆరితేరిన ఆటగాళ్ళు కొందరు ఒక లోపం ఎత్తి చూపారు: ఆట మరీ సులభమన్నారు. అందులో కాఠిన్యం ఐదు అంతస్తులుగా ఉండేది. అన్నిటికన్నా కష్టమైన దానిని ఎంచుకున్నా పెద్ద శ్రమ కలుగలేదని వారి ఫిర్యాదు. సంస్థవారు దానిని మన్నించి, 1995లో వెలువడిన రెండవ ఆట 'టెర్రర్ ఫ్రమ్ ది డీప్'ను ఎంతో కఠినంగా తయారుచేశారు. అది ఎంత కఠినమంటే, నేటికీ ఆ వరుసలో అతి క్రూరమైన ఆటగా దానినే చెప్పుకుంటారు.

అసలు సంగతి తరువాత తెలిసింది. మొదటి ఆట ప్రోగ్రాములో ఒక దోషం ఉన్నది. ఆటగాడు ఏ అంతస్తు ఎంచుకున్నా, ఆట కొంత సాగగానే అది చప్పుడు లేకుండా అన్నిటికన్నా సులభమైన అంతస్తుకు జారిపోయేది. కష్టమైన ఆటే ఆడుతున్నామని నమ్మినవారు నిజానికి పసివారి ఆట ఆడుతున్నారు! సులభంగా ఉన్నదన్న వారి అనుభవం అబద్ధం కాదు. ఆ అనుభవానికి కారణమేమిటో ఫిర్యాదు చేసినవారు తరచి చూడలేదు, విన్నవారూ చూడలేదు. సరిదిద్దవలసినది ఒక చిన్న పొరపాటు; మార్చినది మరొక ఆట మొత్తాన్ని. రోగం కాలికైతే కంటికి మందు వేసినట్లయింది.

రెండవ ఉదాహరణ మరింత వింతైనది. 2012 అక్టోబరులో ఫిరాక్సిస్ సంస్థ, జేక్ సాలమన్ సారథ్యంలో, ఈ ఆటను 'ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్' పేరుతో మళ్ళీ తీర్చిదిద్దింది. సమీక్షలను క్రోడీకరించే మెటాక్రిటిక్‌లో దాని కంప్యూటర్ ప్రతికి నూటికి 89 మార్కులు లభించాయి. కొటాకు పత్రిక దానిని ఆ ఏటి మేటి ఆటగా ఎన్నుకున్నది. అయినా ఆటగాళ్ళ నోట ఒక నింద మాత్రం నిలిచిపోయింది. తూటా తగిలే అవకాశం నూటికి 95 పాళ్ళని తెరమీద చూపిస్తుంది, పేల్చితే తప్పిపోతుంది. ఇక కంప్యూటర్ మోసం చేస్తున్నదని కేకలు.

లెక్క కట్టి చూద్దాం. నూటికి 95 అంటే ఇరవైలో ఒకటి తప్పుతుందని అర్థం. అటువంటి తూటాలు పది పేల్చితే అన్నీ తగిలే అవకాశం సుమారు 60 శాతం మాత్రమే. పద్నాలుగు పేల్చితే అది 49 శాతానికి దిగుతుంది. అంటే ఒక్కటైనా తప్పడమే ఎక్కువ సంభవం. ఒక యుద్ధంలో పేలే తూటాలు ఇంతకన్నా ఎక్కువే. తగిలిన పందొమ్మిదిని మన మనస్సు మరచిపోతుంది; తప్పిన ఒక్కదానిని, ఆ తప్పు వలన చనిపోయిన సైనికుని పేరుతో సహా, జ్ఞాపకం పెట్టుకుంటుంది.

మోసం అసలే లేదా అంటే, ఉన్నది. సులభమైన అంతస్తులలో ఈ ఆట తెరమీద చూపిన సంఖ్యకంటె కొంత ఎక్కువ అవకాశాన్ని రహస్యంగా ఆటగానికే ఇస్తుంది. వరుసగా గురి తప్పితే లోలోపల ఆదుకుంటుంది. యంత్రం పక్షపాతి అన్న మాట నిజమే గాని, ఆ పక్షపాతం నిందించినవాని వైపే! తనకు అనుకూలమైన అన్యాయాన్ని అన్యాయంగా గుర్తించేవారు అరుదు.

విమర్శలన్నీ ఇటువంటివేనని నేననను. 2012 నాటి ఆటలో శత్రువులు మన కంటబడేవరకు గుంపుగా కాచుకొని ఉండి, కనబడిన క్షణంలోనే, తమ వంతు కాకపోయినా, చాటుకు పరుగెత్తుతారు. దీనివలన ధైర్యంగా ముందుకు పోయినవాడు శిక్ష అనుభవిస్తాడని కొందరు అన్నారు. ఇది న్యాయమైన విమర్శ. తమకు కలిగిన చికాకుతో ఆగక, దానికి హేతువైన నియమాన్ని వేలుపెట్టి చూపారు.

అట్లే పాత ఆటను ప్రేమించినవారు, కొత్తది మరీ కుదించబడిందని బాధపడ్డారు. పూర్వం ప్రతి సైనికునికీ కొంత కాలపరిమాణం ఉండి, అడుగు వేసినా, మోకరించినా, పేల్చినా అందులో నుండి ఖర్చయ్యేది. కొత్త ఆటలో వంతుకు రెండు పనులే; దళంలో ఆరుగురికి మించరు. నా మట్టుకు నాకు ఈ కుదింపు సమంజసమే అనిపిస్తుంది. చేయగలిగినవి రెండే పనులైనప్పుడు తప్పు మనదేనని ఒప్పుకొనక తప్పదు. అయినా అసంతృప్తి చెందినవారిలో కొందరు చేసిన పనికి నేను నమస్కరిస్తాను. వారు 'లాంగ్ వార్' అనే పేరుతో ఆ ఆటనే సవరించి, పెద్ద దళంతో, దీర్ఘమైన యుద్ధంతో తాము కోరుకున్న రూపాన్ని నిర్మించి అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2016లో 'ఎక్స్‌కామ్ 2' వెలువడినప్పుడు ఫిరాక్సిస్ సంస్థే ఆ బృందాన్ని పిలిచి కొన్ని చేర్పులు చేయించుకున్నది. లోపం ఎక్కడున్నదో తెలిసిన విమర్శకే ఇంత గౌరవం దక్కుతుంది.

ప్రతి తీర్పులోనూ రెండు భాగాలుంటాయి: నాకు ఏమనిపించింది, ఎందుకు అనిపించింది. మొదటిదానికి మనమే సాక్షులం. దానిని ఎవరూ కొట్టివేయలేరు. రెండవదానికి మాత్రం విచారణ కావాలి. పరీక్ష వ్రాసి బయటికి వచ్చి ప్రశ్నపత్రం అన్యాయమనే విద్యార్థి, తాను వదలిన పాఠాలెన్నో, చెప్పబడని పాఠాలెన్నో వేరుచేసి చూచుకోవాలి. సులభమైన పత్రం వచ్చిన ఏడు తాను ఏ ఫిర్యాదూ చేయలేదన్న సంగతినీ మరువరాదు. అట్లే విద్యార్థుల మొర ఆలకించే కళాశాల కమిటీ పెద్దలు దానిని కొట్టివేయడమూ తగదు, విన్నదే తడవుగా ఏదో ఒక నిబంధన మార్చివేయడమూ తగదు. 1995లో సంస్థవారు ఫిర్యాదును గౌరవించారు. పాత ఆటను ఒక్కసారి తెరచి పరీక్షించి ఉంటే ఆ గౌరవం సార్థకమయ్యేది.

ఆటను తక్కువగా చూచే పెద్దలకూ, తలకెత్తుకొనే మిత్రులకూ నా మనవి ఒక్కటే. తీర్పు చెప్పండి, తప్పక చెప్పండి. చెప్పేముందు ఒక్కసారి మూలాన్ని తడవి చూడండి.