దాచుకుంటే లాభం ఎవరికి?

డిగ్రీ దరఖాస్తులో 'వైకల్యం ఉన్నదా?' అని ఒక గడి ఉంటది. ఆటిజం ఉన్న పిల్లలకు మెదక్ పట్నంల ఎక్కువగ దొరికే సలహా ఒక్కటే: "రాయకు బిడ్డా, పిచ్చోడంటరు, రేపు పిల్లనియ్యరు." ప్రేమతోనే అంటరు. కాని దానితోటి బాగుపడేది ఎవరు?

ఆటిజం పిచ్చి కాదు, గాలి సోకుడు కాదు, తల్లి చేసిన పాపం అసలే కాదు. పుట్టుకతోనే మెదడు వేరే తీరుగ పనిచేయడం. లెక్కలు గడగడ చేసే పిల్లకు లొల్లిలో కూచోవడం నరకం కావచ్చు. ఉన్నట్టుండి టైంటేబుల్ మారిస్తే తట్టుకోలేకపోవచ్చు. కళ్లల్లకు చూసి మాట్లాడకపోవచ్చు. దీనికి సార్లు పెట్టే పేర్లు 'పొగరు', 'మొద్దు'. ఎస్సీ పిల్లయితే ఇంకో మాట గూడ కలుస్తది: "రిజర్వేషన్ల వచ్చినోళ్లు ఇంతే." పిల్ల ఇబ్బందికి కులం పేరు పెట్టి అసలు కారణాన్ని కప్పేస్తరు. మనం దాచినకొద్దీ వాళ్ల అబద్ధమే నిలబడుతది.

1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం 21 వైకల్యాల్లో దాన్ని చేర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉన్నది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు ఇవ్వాలె. ఇది ఎస్సీ కోటాకు పోటీ కాదు. మన పిల్ల రెండు హక్కులూ ఒకేసారి అడగొచ్చు. వెసులుబాట్లు 40 శాతం దాటినోళ్లకే అని గీత గీయరాదని 2021ల సుప్రీంకోర్టు యూపీఎస్సీ పరీక్ష కేసులో చెప్పింది.

వెసులుబాటంటే దానం కాదు. పరీక్షకు ఎక్కువ టైం, లొల్లి లేని గది, నోటిమాటకు బదులు కాగితం మీద సూచనలు. వీటికి మేడలు కట్టాల్నా?

అసలు గోస సర్టిఫికెట్టు కాడ. ఆటిజాన్ని కొలిచే 40 అంశాల కొలబద్ద తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని కేంద్ర సంస్థలోనే. మెదక్ నుంచి 100 కిలోమీటర్ల లోపే. కాని కూలితల్లికి అది ఎన్ని రోజుల కూలి? పైసలున్న ఇంట్ల పిల్లకు మూడేండ్లకే సంగతి తెలుస్తది. మన పిల్లకు పద్దెనిమిదేండ్లు దాటినా 'మొద్దు' అనే పేరే మిగులుతది.

చెప్పాల్నా వద్దా అన్నది పిల్లల ఇష్టం. కోటాలో సీటు కావాలంటే దరఖాస్తులోనే రాయాలె. మామూలుగ సీటొస్తే చేరినంక చెప్పి సాయం అడగొచ్చు. అందరి ముందు కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని 23వ సెక్షన్ చెప్తున్నది. ఆయన ఎవరో పోయి అడగండి.

మన వాడల్ల గూడ 'మెంటలోడు' అని నవ్వేటోళ్లున్నరు. అంటరానితనం అనుభవించిన మనమే ఇంకొకరిని దూరం పెడితే ఎట్ల?

కార్యకర్తలారా! కులం సర్టిఫికెట్టు కోసం తహసీల్ ఆఫీసు ముందు కూచున్నం. ఈ సర్టిఫికెట్టు కోసం జిల్లా ఆసుపత్రి ముందు గూడ కూచుందాం. మెదక్‌లనే నెలనెలా ఆటిజం పరీక్ష శిబిరం పెట్టాలె. ప్రతి కాలేజీ గోడ మీద ఫిర్యాదుల అధికారి పేరు రాయాలె. ఈ అడ్మిషన్ల లోపలనే ఊరూరా ఇంటింటికి పోయి ఈ మాట చెప్పాలె.