ఖిద్మత్ చేసేవాళ్ళకీ హక్కులున్నాయి

మన మొహల్లాల్లో ఒక మాట తరచూ వింటుంటాను. "మాషా అల్లాహ్, ఆ అబ్బాయి పిల్లల కోసం తిండీ నిద్రా కూడా చూసుకోడు!" తారీఫ్ అనుకునే అంటారు. నాకు మాత్రం అది మన మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. తిండీ నిద్రా లేని మనిషి మన పిల్లల్ని ఎన్నాళ్ళు చూసుకోగలడు?

నేను చెప్పేది జీతం లేకుండా పిల్లలతో పనిచేసేవాళ్ళ గురించి. మగ్రిబ్ తర్వాత బస్తీలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే డిగ్రీ కుర్రాడు. పగలంతా కుట్టుమిషను తొక్కి సాయంత్రం ఆడపిల్లల్ని చదివించే ఆపా. వేసవి సెలవుల్లో దీనీ క్లాసులు నడిపే భాయి. బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరిన పిల్లాడి ఇంటికి నాలుగుసార్లు తిరిగి, అమ్మీ అబ్బాలను ఒప్పించేది వీళ్ళే.

వీళ్ళ అలసట ముందు మాటలో బయటపడుతుంది. నిన్నటిదాకా "బేటా" అన్న నోరు ఇవాళ చిన్న తప్పుకే కసురుతుంది. తర్వాత క్లాసుకు వెళ్ళాలంటే కాళ్ళు ముందుకు పడవు. ఆ తర్వాత "ఎంత చేసినా వీళ్ళు బాగుపడరు" అనే మాట వస్తుంది. బర్న్‌అవుట్ అనే ఈ స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక పని వల్ల వచ్చే స్థితిగా తన జాబితాలో చేర్చింది. శక్తి ఉడిగిపోవడం, పని మీద మనసు విరగడం, చేసే పని సరిగా చేయలేకపోవడం దాని లక్షణాలని చెప్పింది. అది ఉద్యోగాల గురించి చెప్పిన మాటే. కానీ జీతం లేనంత మాత్రాన అలసట మన ఆపాను వదిలిపెడుతుందా?

"ఇఖ్లాస్ ఉంటే అలసట రాదు" అనేవాళ్ళున్నారు. ఇఖ్లాస్ నియ్యత్‌లో ఉంటుంది, అలసట ఒంట్లో ఉంటుంది. సహీ బుఖారీలోని వాకియా చాలామందికి తెలిసిందే. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన సోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళారు. రాత్రి నమాజుకు లేవబోయిన ఆయన్ని పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. రబ్‌కూ, ఒంటికీ, ఇంటివాళ్ళకూ ఎవరి హక్కు వాళ్ళకివ్వాలని నచ్చజెప్పారు. సల్మాన్ చెప్పింది నిజమేనని ప్రవక్త (స) అన్నారు.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. అబూ దర్దా తనంతట తాను ఆగలేదు. ఒక భాయి వచ్చి ఆపాడు. మనం మాత్రం ఖిద్మత్ చేసేవాళ్ళకు "నీ ఆరోగ్యం చూసుకో" అని నసీహత్ ఇచ్చి చేతులు దులుపుకుంటాం. వాళ్ళను ఆపి కూర్చోబెట్టే జిమ్మేదారి మనదే.

కమిటీవాళ్ళు చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఏ క్లాసునూ ఒక్కరి మీదే వదలకూడదు. ఇద్దరుంటే ఒకరికి జ్వరమొచ్చినా క్లాసు ఆగదు. వారానికి ఒకరోజు పూర్తి సెలవు ఉండాలి. ఇషా తర్వాత వచ్చే వాట్సాప్ మెసేజ్‌లకు పొద్దునే జవాబు వస్తుందని తల్లిదండ్రులకు కమిటీయే ముందుగా చెప్పాలి.

అన్నిటికంటే బరువైనది మరొకటి. ఏదో ఒకరోజు ఒక పిల్ల తన మీద జరిగిన దౌర్జన్యం గురించి చెప్పి, "ఎవరికీ చెప్పకండి ఆపా" అంటుంది. అది అమానత్ అనుకుని ఆమె ఒక్కతే మోస్తుంది, రాత్రుళ్ళు నిద్రపోదు. పిల్లలపై లైంగిక నేరాల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ పిల్ల పేరు నలుగురిలో నలగకుండా కాపాడటమే అక్కడ అమానత్. పిల్లల సహాయానికి 1098 ఉంది. మోసి మోసి మనసు బరువెక్కిన ఆపా తెలుగులోనే ఉచితంగా మాట్లాడుకోవడానికి టెలీమానస్ 14416 ఉంది. ఈ రెండు నంబర్లూ క్లాసు గోడ మీద ఉండాలి. స్టేషనుకు వెళ్ళాల్సి వస్తే ఆమె పక్కన కమిటీవాళ్ళు నడవాలి.

ఇక ఇంటివాళ్ళు. "వెళ్ళడానికి ఇజాజత్ ఇచ్చాం కదా" అంటారు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరిన ఆడమనిషి అప్పుడు పిండి కలిపి రోటీలు చేయాలంటే ఆ ఇజాజత్ ఎందుకు? ఆమె ఖిద్మత్ సవాబులో వాటా కావాలనుకునే మగవాళ్ళు పిండి కలపడంలో కూడా వాటా తీసుకోవాలి.

వచ్చే జుమా తర్వాత కమిటీ మష్వరాకు కూర్చుంటే పిల్లల హాజరు, కరెంటు బిల్లు లెక్కలతో పాటు ఒక్క సవాల్ అడగండి: ఈ నెలలో ఒక్కరోజు కూడా సెలవు తీసుకోనిది ఎవరు? ఆ పేరు తేలాక, రేపు వాళ్ళ బదులు క్లాసుకు ఎవరు వెళ్తారో అక్కడే తేల్చుకుని లేవండి.