ట్రంకు పెట్టెకు తాళం ఉంది, వీడియోకు ఏదీ?



వార్షికోత్సవం అయిన మర్నాటి నుంచి ఏ హాస్టల్లోనైనా వినిపించే మాట ఒకటుంది: "అన్నా, ఆ వీడియో నా ఫోన్లో ఆడట్లేదు, కాస్త మార్చిపెట్టవా?" ఒకరి ఫోన్ తీసింది ఎం.ఓ.వి., ఇంకొకరికి కావలసింది ఎం.పి.4. అన్నల ఇళ్ళల్లోని పాత వి.సి.డి.లలో డాట్ ఫైళ్ళు, మూలపడ్డ కీప్యాడ్ ఫోన్లలో 3జి.పి. ముక్కలు. వీటిని మార్చడానికి మనలో చాలామంది చేసే పని ఒక్కటే. వెతికితే మొదట కనిపించిన ఉచిత వెబ్‌సైటులో ఫైలు పడేయడం! ఈ అలవాటు మానుకోవాలని మేము గట్టిగా కోరుతున్నాము.

ఇలాంటి సైట్లు చాలావరకు మన వీడియోను ముందు తమ కంప్యూటరుకు తెప్పించుకుని, అక్కడ మార్చి తిరిగి ఇస్తాయి. ఆ కంప్యూటరు ఏ దేశంలో ఉందో, మన కాపీని నిజంగా చెరిపేస్తారో లేదో మనకు తెలియదు. ఉచితంగా ఫైళ్ళు మారుస్తామంటూ వివరాలు దొంగిలించే, వైరస్‌లు ఎక్కించే సైట్లు ఉన్నాయని 2025 మార్చిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది కూడా.

"మన దగ్గర దాచుకోవడానికి ఏముంది?" అని కొందరు నవ్వుతారు. ఆ వీడియోల్లో చిన్న తరగతుల తమ్ముళ్ళ ముఖాలున్నాయి. బాలికల హాస్టల్ వీడియోల్లో చెల్లెళ్ళ నృత్యాలున్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారిని పిల్లలుగా లెక్కించి, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. కూలికి పోయే మన అమ్మానాన్నలను ఆ సైటువాళ్ళు ఏనాడు అడిగారు? సొంత గది లేని హాస్టల్లో కూడా మనం ట్రంకు పెట్టెకు తాళం వేస్తాం. అందులో బంగారం ఉందని కాదు, అది మనది కనుక. పేదవాడి గోప్యత చవక కాదు మిత్రులారా!

మరి దారేమిటి? ముందు సంగతి అర్థం చేసుకుందాం. మన పల్నాడు వాళ్ళకు మిర్చి టిక్కీ తెలియనిది కాదు. టిక్కీ మీద పేరు మార్చినంత మాత్రాన లోపలి కాయ మారదు. ఎం.పి.4, ఎం.ఓ.వి., ఎం.కె.వి. అనేవి టిక్కీల వంటివి. లోపల బొమ్మ, శబ్దం వేరే పద్ధతుల్లో కుదించి ఉంటాయి. ఫైలు పేరు చివర అక్షరాలు మారిస్తే ప్రయోజనం లేనిది అందుకే. కాయను ఒక టిక్కీలోంచి ఇంకో టిక్కీలోకి మార్చడం క్షణాల పని, నాణ్యత కూడా తగ్గదు. కాయను కారం ఆడించినట్టు లోపలి రూపాన్నే మార్చాలంటే ఎక్కువ సమయం పడుతుంది, కొంత నాణ్యత పోతుంది.

ఈ రెండు పనులూ చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును 2000లో ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు ప్రారంభించాడు. ఇలాంటి పెద్ద ప్రోగ్రాములను బ్రౌజరులోనే నడిపించే వెబ్ అసెంబ్లీ 2019 డిసెంబరులో అధికారిక వెబ్ ప్రమాణమైంది. దీని సాయంతో ఇప్పుడు కొన్ని సైట్లు పనిముట్టునే మన దగ్గరకు పంపుతున్నాయి. ఫైలు మన కంప్యూటరులోనే ఉండి, అక్కడే మారుతుంది.

ఏ సైటు నిజం చెబుతోందో తెలుసుకునే పరీక్ష సులువు. బ్రౌజరులో ప్రైవేటు విండో తెరవండి. సైటు పూర్తిగా వచ్చాక నెట్ ఆపేయండి. ఆ తర్వాతే ఫైలు ఎంచుకోండి. నెట్ లేకుండానే వీడియో మారిందంటే పని మన దగ్గరే జరిగినట్టు. మారిన ఫైలు భద్రం చేసుకుని, విండో మూసేశాకే నెట్ కలపండి. ఇందులో డబ్బు సంగతీ ఉంది. 600 ఎం.బి. వీడియో పంపి, 300 ఎం.బి. తిరిగి దించుకుంటే 900 ఎం.బి. డేటా ఖర్చు. బ్రౌజరులోనే మారిస్తే ఆ పనిముట్టు దిగడానికి అయ్యే కొద్దిపాటి డేటాతో సరిపోతుంది.

దీనికీ హద్దులున్నాయి. వేగం తక్కువ. రెండు జి.బి. దాటిన ఫైళ్ళకు సాధారణంగా పనికిరాదు. అప్పుడు వి.ఎల్.సి., హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను వాటి సొంత సైటు నుంచే కంప్యూటరులో వేసుకోవచ్చు.

కాబట్టి మేము కోరేది ఇదే. హాస్టల్ వీడియో ఏదైనా ముక్కూ మొహం తెలియని సైటుకు పంపకూడదని ఈ ఏడాది నుంచి అందరం నియమం పెట్టుకుందాం. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ కాపీల సైజు తగ్గించేటప్పుడూ ఇదే పాటిద్దాం. అన్నలారా, మీ పాత సి.డి.లు పాడవకముందే తీసుకురండి. నకరికల్లు హాస్టల్ జ్ఞాపకాలను మన చేతులతోనే కొత్త రూపంలోకి మార్చి, రేపు వచ్చే తమ్ముళ్ళకు అందిద్దాం.