టవర్లు కూలాయి.. పని ఎటుపోయింది?

పాల్వంచ: కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత ప్లాంటుకు చెందిన ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. దశాబ్దాలుగా పాల్వంచకు ఆనవాలుగా నిలిచిన కట్టడాలు క్షణాల్లో దుమ్ములో కలిశాయి. ఆ రోజు చర్చంతా టవర్ల చుట్టూనే తిరిగింది. వాటి నీడన బతికిన కుటుంబాల సంగతి అంతకు నాలుగేళ్ల ముందే, యూనిట్లు ఆగిన నాడే తేలవలసి ఉంది. నేటికీ తేలలేదు.

పాత ప్లాంటులోని ఏ, బీ, సీ స్టేషన్లు 1966 నుంచి 1978 మధ్య దశలవారీగా ఉత్పత్తిలోకి వచ్చాయి. 60 మెగావాట్లవి నాలుగు, 120 మెగావాట్లవి నాలుగు. మొత్తం 720 మెగావాట్లు. 800 మెగావాట్ల ఏడో దశకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడే, కాలం చెల్లిన ఈ యూనిట్లను మూసివేయాలన్న షరతు పడింది. 2018 డిసెంబరులో ఏడో దశ ప్రారంభమైంది. 2020 మార్చి నాటికి పాత యూనిట్లన్నీ ఆగిపోయాయి. ఎక్కువ బొగ్గు తిని తక్కువ కరెంటు ఇచ్చే యంత్రాలను ఆపడం తప్పని ఎవరూ అనలేరు. చుట్టుపక్కల బస్తీల మీద పడే బూడిద తగ్గడం కూడా మేలే.

పదకొండు నుంచి నాలుగుకు

చిక్కు మరోచోట ఉంది. 2011లో ఆరో దశ ప్రారంభమైన తర్వాత కేటీపీఎస్‌లో పాత ప్లాంటువి ఎనిమిది, ఐదో దశవి రెండు, ఆరో దశది ఒకటి కలిపి 11 యూనిట్లు ఉండేవి. సామర్థ్యం 1720 మెగావాట్లు. ఇప్పుడు ఉన్నవి నాలుగే యూనిట్లు. సామర్థ్యం మాత్రం 1800 మెగావాట్లు. కరెంటు 80 మెగావాట్లు పెరిగింది, యూనిట్లు ఏడు తగ్గాయి. పని పుట్టేది మెగావాట్ల నుంచి కాదు, యూనిట్ల నుంచి.

ఓవర్‌హాలింగ్ పనులు తెలిసినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు. బాయిలర్ చల్లార్చి, గొట్టాలు పరిశీలించి, అరిగినవి కోసి కొత్తవి అతికించాలి. మిల్లులు విప్పాలి, టర్బైన్ తెరవాలి, కన్వేయర్ బెల్టులు మార్చాలి. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, పరంజా కట్టేవారు, ఇన్సులేషన్ పనివారు, వారికి సహాయకులు.. ఒక యూనిట్ ఆగితే ఇందరికి చేతినిండా పని. యూనిట్లు పదకొండు ఉన్నప్పుడు ఒకదాని వెంట ఒకటి ఆపేవారు. ఒక చోట పని ముగించిన వెల్డర్ రెండో చోటికి నడిచి వెళ్లేవాడు. అలా ఏడాదిలో అధిక భాగం ఊరు విడవకుండానే గడిచేది. నాలుగు యూనిట్లతో ఆ వరుస తెగిపోయింది. ఏడో దశలో వాడే సూపర్ క్రిటికల్ బాయిలర్ పనికి ప్రత్యేక నైపుణ్యం కావాలి. పాత బాయిలర్ల మీద పాతికేళ్లు చేయి తిరిగిన మనిషికి ఆ శిక్షణ ఇప్పించవలసిన బాధ్యత ఎవరిదో ఏ ఉత్తర్వూ చెప్పలేదు.

పాత ప్లాంటును టెండరు ద్వారా తుక్కుగా అమ్మారు. ఇనుముకు ధర పలికింది, అనుభవానికి పలకలేదు.

బదిలీ ఎవరికి?

మూసివేత వల్ల జెన్‌కో రెగ్యులర్ ఉద్యోగులు కొలువు పోగొట్టుకోలేదు. కేటీపీఎస్ మిగతా దశలకు, మణుగూరులోని భద్రాద్రి కేంద్రానికి, నల్లగొండ జిల్లాలోని యాదాద్రి కేంద్రానికి సర్దుబాటు చేసే వీలుంది. 2017లో ఆర్టిజన్లుగా సంస్థ పద్దులోకి తీసుకున్న ఒప్పంద కార్మికులకు కూడా ఒక ఆసరా దొరికింది. పద్దులో పేరున్న వ్యక్తి యూనిట్ ఆగినా సంస్థ మనిషే. గుత్తేదారు కింద ఓవర్‌హాలింగ్‌కు, బూడిద పనికి, సివిల్ పనులకు వెళ్లిన వ్యక్తి ఏ పద్దులోనూ లేడు. అతనికి బదిలీ లేదు. ఉద్యోగం పోయిందన్న మాట కూడా రికార్డుల ప్రకారం వర్తించదు. కాంట్రాక్టు గడువు ముగిసింది, అంతే.

రెట్రెంచ్‌మెంట్ జరిగితే సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలన్నది పాత చట్టంలోనూ ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఉంది. తిరిగి నైపుణ్యం నేర్చుకునేందుకు మరో 15 రోజుల వేతనం ఇవ్వాలని కొత్త స్మృతి చెబుతోంది. అయితే వీటికి నిరంతర సర్వీసు రుజువు కావాలి. టెండరు మారినప్పుడల్లా గుత్తేదారు మారతాడు, మస్టరు మారుతుంది. గేటు అదే, బాయిలర్ అదే, పనివాడూ అతనే అయినా కాగితంపై ప్రతిసారీ కొత్తవాడే.

ఈ పరిస్థితి పాల్వంచకే పరిమితం కాదు. పంజాబ్‌లో 460 మెగావాట్ల బఠిండా కేంద్రాన్ని 2018 జనవరి 1 నుంచి మూసివేసినప్పుడు రోడ్డెక్కినవారిలో ముందున్నది కాంట్రాక్టు కార్మికులే. మన రాష్ట్రంలోనే రామగుండంలో 1971 నాటి 62.5 మెగావాట్ల బీ థర్మల్ కేంద్రం 2024 జూన్‌లో సాంకేతిక లోపంతో ఆగి, మళ్లీ తెరుచుకోలేదు. అక్కడ 800 మెగావాట్ల కొత్త కేంద్రం నిర్మిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కొత్తది వచ్చేసరికి ఏళ్లు పడతాయి. అంతదాకా అద్దె ఇళ్లు, హోటళ్లు, కిరాణా దుకాణాలు ఎవరిని నమ్ముకోవాలి? పాల్వంచ వ్యాపారులకు ఈ ప్రశ్న కొత్త కాదు.

తర్వాతి వంతు

కేటీపీఎస్ ఐదో దశ యూనిట్లు రెండూ 1997, 1998 నాటివి. విద్యుత్ గిరాకీ దృష్ట్యా 2030 వరకు థర్మల్ యూనిట్లను మూయవద్దని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 జనవరిలో ఉత్పత్తి సంస్థలకు సూచించింది. అంటే కొంత వ్యవధి దొరికినట్లే. ఈలోగా చేయదగిన పనులకు పెద్ద ఖర్చేమీ లేదు. గేటు పాసు ఇచ్చిన ప్రతి కార్మికుడి పేరు, పనిదినాలు, పీఎఫ్ ఖాతా సంఖ్య గుత్తేదారుతో నిమిత్తం లేకుండా జెన్‌కో తన వద్దే నమోదు చేయవచ్చు. అడిగిన కార్మికుడికి గుత్తేదారు అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలని కొత్త కార్మిక స్మృతి చెబుతోంది. దానిని ఇప్పించే బాధ్యత కార్మిక శాఖ తీసుకోవచ్చు. కార్మిక సంఘాలు కూడా వేతన ఒప్పందాల మీద చూపే పట్టుదలలో కొంత ఈ జాబితా మీద చూపవలసి ఉంది.

ఐదో దశలో తదుపరి ఓవర్‌హాలింగ్‌కు యూనిట్ ఆపిన రోజు గేటు దగ్గర తెరిచే మస్టరు నుంచే ఈ నమోదు మొదలుపెట్టవచ్చు.