చార్జర్ వీపు చదివారా?

జులై వచ్చిందంటే నంద్యాలలో ఎలక్ట్రికల్ షాపులకు కొత్త రకం బేరాలు మొదలవుతాయి. "అన్నా, ఫారిన్ పిన్ను ఉందా?" అని అడిగే కుర్రాడు ముందు, సంచి పట్టుకున్న నాయన వెనక. షాపాయన ఏ దేశమని కూడా అడగడు. గాజు అల్మరాలోంచి ఒక తెల్ల యూనివర్సల్ అడాప్టర్ తీసి కౌంటర్ మీద పెడతాడు. "అన్ని దేశాలకూ పనికొస్తాది, తీస్కపో."

ఊరగాయ జాడీలు, కారంపొడి, కుక్కర్, దుప్పట్లు... వీటి గురించి ఇంట్లో నెల రోజుల ముందు నుంచే పంచాయితీ నడుస్తుంది. ఏ కాగితంలో చుట్టాలి, ఏ సూట్‌కేసులో పెట్టాలి, నూనె కారితే ఎట్లా అని. లక్షల అప్పు చేసి పోతున్న చదువంతా ఏ ల్యాప్‌టాప్ మీద నడవాలో, దానికి అక్కడ కరెంటు ఎట్లా అందాలో మాత్రం ఎవరికీ పట్టదు. అది పట్టేది అక్కడ దిగాక, బ్యాటరీ ఎర్రగీతకు వచ్చినప్పుడు. అప్పుడు ఫోన్ ఎవరికొస్తుంది? ఊళ్లో ఇంజనీరింగ్ చదివినోడికి. మాది ఆళ్లగడ్డ, నేను చదివింది నంద్యాలలో. చుట్టాల్లో కంప్యూటర్ కేసులన్నీ నాకే.

ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగే మాట ఒకటే: చార్జర్ వీపు మీద ఏం రాసుంది? ఆ నల్ల ఇటుక ముక్కను తిప్పి చూడండి. చీమ తలకాయలంత అక్షరాల్లో ఇన్‌పుట్ అని ఉంటుంది. దాని పక్కన 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ చార్జర్ దాదాపు ప్రపంచమంతా తిరిగొస్తుంది. ఈ కాలంలో వచ్చే ల్యాప్‌టాప్ చార్జర్లు, ఫోన్ చార్జర్లు దాదాపు అన్నీ అట్లాంటివే. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులే. అక్కడ ఇంకో తమాషా ఏంటంటే ఒకే దేశంలో తూర్పు సగం 50 హెర్ట్జ్, పడమటి సగం 60 హెర్ట్జ్. మన చార్జర్‌కు వీటిలో దేనితోనూ పేచీ లేదు.

ఎందుకు లేదో చెప్తా. మన పక్క కేసీ కెనాల్ నీళ్లు తెలిసిన వాళ్లకు ఇది సులువు. కాలువ నిండుగా పారుతుంటే తూము కొంచెమే ఎత్తుతారు. నీళ్లు తగ్గితే ఇంకాస్త ఎత్తుతారు. మడికి అందేది మాత్రం అంతే. చార్జర్ లోపల కూడా ఇదే పని. గోడలోంచి వచ్చిన ఏసీ కరెంటును ముందు డీసీ చేస్తుంది. అది మన దగ్గర 325 వోల్టుల దాకా, అమెరికాలో 170 దాకా వస్తుంది. ఆ తర్వాత ఒక చిన్న స్విచ్ సెకనుకు పదుల వేలసార్లు మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ఎక్కువ వోల్టేజ్ వస్తే తక్కువసేపు, తక్కువ వస్తే ఎక్కువసేపు తెరుస్తుంది. అవతలి కొసన ల్యాప్‌టాప్‌కు అందేది అదే 19.5 వోల్టులో, 20 వోల్టులో.

కానీ ఈ తెలివి చార్జర్‌కే ఉంది, ఇంట్లో ఉన్న ప్రతి సామానుకూ లేదు. గందరగోళమంతా ఇక్కడే. అడాప్టర్ అంటే పిన్నుల ఆకారం మార్చేది మాత్రమే, వోల్టేజ్ మార్చదు. ఆళ్లగడ్డ శిల్పుల సంగతి మీకు తెలుసు కదా, ఇక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి. మా వీధిలో ఒక మామ రాయి కోసే మిషన్లతో పనిచేస్తాడు. అమెరికాలో గుడి పనికి పోవాల్సి వచ్చినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న చాలామంది ఎంటెక్‌లు కూడా అడగరు. "అబ్బీ, పిన్ను మారుతాది సరే. మిషను తిరిగే జోరు మారదా?" మారుతుంది మామా. 230 వోల్టుల గ్రైండర్‌ను 120కి పెడితే నీరసంగా తిరుగుతుంది, రాయి మీద పెట్టగానే నిలబడిపోతుంది. మిషన్లు ఇక్కడే ఉంచి, ఉలులూ సుత్తీ సర్దుకుని పోయినాడు. కరెంటు పనిముట్లు అక్కడివే వాడినాడు.

వేడి చేసే సామాన్లు ఇంకా ఘోరం. మన ఇస్త్రీ పెట్టె అమెరికా గోడకు పెడితే నాలుగో వంతు వేడి మాత్రమే వస్తుంది, కాలదు, అంతే. అదే అక్కడి నుంచి మా అక్కకు కానుకగా వచ్చిన 120 వోల్టుల హెయిర్ స్ట్రెయిట్‌నర్‌ను మన 230కి పెడితే మూడున్నర రెట్ల పైగా వేడి. పొగ, వాసన, ఆ తర్వాత నిశ్శబ్దం. కాబట్టి మిక్సీ, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్ మోసుకుపోకండి. మన ఇడ్లీ పిండికి సరిపోయే 110 వోల్టుల మిక్సీలు అమెరికాలో ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతాయి.

సరే, ఇన్‌పుట్ బాగానే ఉంది, చార్జర్ మంచిదే, అయినా ల్యాప్‌టాప్ చార్జ్ కావడం లేదు. ఇప్పుడేంటి?

మా చిన్నమ్మ కొడుకు జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాడు. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున మూడున్నరకు వీడియో కాల్ చేసినాడు. వాడికి రాత్రి 11. పొద్దున 8 గంటలకు ప్రాజెక్ట్ రిపోర్ట్ అప్‌లోడ్ చేయాలి. అది పోతే ఆ సబ్జెక్టు మళ్లీ వచ్చే సెమిస్టర్‌లోనే. అంటే ఇంకో ఆరు నెలల అద్దె, తిండి, ఇన్సూరెన్స్. చిన్నాయన అప్పటికే రెండెకరాలు తాకట్టు పెట్టి ఉన్నాడు. ఫైలు ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. బ్యాటరీ 4 శాతం.

"అన్నా, చార్జర్ పోయింది. ఇంక నా పని అయిపాయ."

"ముందు ల్యాప్‌టాప్ మూసి పెట్రా. చార్జర్ మీద లైటు ఎలుగుతాందా?"

"లేదన్నా."

"నీ ఫోన్ చార్జర్‌ను అదే సాకెట్‌లో నేరుగా పెట్టు, ఆ తెల్ల అడాప్టర్ లేకుండా."

ఫోన్ చార్జ్ ఎక్కింది. సన్నటి రెండు గుండ్రటి పిన్నుల మన ఫోన్ చార్జర్లు జర్మనీ సాకెట్‌లో నేరుగా పడతాయి. అంటే గోడలో కరెంటు ఉంది. తర్వాత కెమెరాను సాకెట్ వైపు తిప్పమన్నా. జర్మనీ సాకెట్ మనలాగా చదునుగా ఉండదు, గుండ్రటి గుంతలాగా లోపలికి ఉంటుంది. నంద్యాలలో కొన్న లావాటి యూనివర్సల్ అడాప్టర్ ఆ గుంతలో సగమే దిగింది. దానికి పైన మన మూడు పిన్నుల వైరు బరువు వేలాడుతోంది. ఇటు కదిలిస్తే లైటు, అటు కదిలిస్తే చీకటి. కాసేపటికి అదీ పోయింది.

చార్జర్ పోలేదు. పోయింది అడాప్టర్. దాన్ని బాగుచేసే టైమ్ లేదు, రాత్రి పదకొండింటికి జర్మనీలో కొత్తది కొనే షాపూ లేదు. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ల్యాప్‌టాప్ చార్జర్ అంటే ఒకటే ముక్క అనుకుంటాం. చాలా వాటికి గోడ నుంచి ఇటుక దాకా వచ్చే వైరు విడిగా ఊడొస్తుంది. ఆ ఊడొచ్చే కొస చూడండి, మూడు ఆకుల్లాగా ఉంటుంది. అది ప్రపంచమంతా ఒకటే కొలత. కొన్నిటికి ఎనిమిది అంకె ఆకారం, అదీ అంతే. అంటే చార్జర్ మీదే, తోక మాత్రం ఆ దేశానిది తగిలించుకోవచ్చు. అడాప్టర్ అక్కర్లేదు, ఊగడాలు లేవు, మూడు ఆకుల దానికైతే ఎర్త్ కూడా సరిగ్గా అందుతుంది.

"మీ హాస్టల్‌లో ఎవరి దగ్గరైనా మూడు ఆకుల వైరు ఉంటాది. కంపెనీ ఏదైనా పర్లేదు. పోయి అడుగు."

"ఈ టైములో ఎట్ల అడిగేదన్నా?"

"నాకు ఫోన్ జేసింది ఏ టైములో రా?"

పై అంతస్తులో ఒక స్పెయిన్ పిల్లాడు ఇచ్చినాడు. లైటు వెలిగింది. రిపోర్ట్ అప్‌లోడ్ అయ్యేసరికి మా వీధిలో పాల బండి వచ్చింది. ఆ స్పెయిన్ అబ్బాయికి ఉసిరికాయ పచ్చడి జాడీలో సగం పోయిందట.

లైటు వెలుగుతున్నా చార్జ్ ఎక్కకపోతే అనుమానం ఇటుకకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్న వైరు మీదికి పోవాలి. కొన్ని కంపెనీల గుండ్రటి పిన్ను మధ్యలో సూదిలాంటిది ఒకటి ఉంటుంది. కరెంటు కోసం కాదు, 'నేను మీ వాడినే, నా శక్తి ఇంత' అని చార్జర్ తన పరిచయం చెప్పుకోవడానికి. బ్యాగులో మడిచి మడిచి ఆ సన్నటి తీగ తెగిందంటే ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. చార్జర్‌ను గుర్తుపట్టలేకపోతున్నా అని స్క్రీన్ మీద మెసేజ్ కూడా వస్తుంది. అట్లాంటప్పుడు బ్యాటరీ పోయిందని కొత్త బ్యాటరీ కొనేస్తారు కొందరు. అసలే చార్జ్ లేక పూర్తిగా చచ్చిపోయినట్టు ఉంటే, చార్జర్ పీకేసి పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత చార్జర్ పెట్టి చూడండి. చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

టైప్-సీ చార్జింగ్ ల్యాప్‌టాప్ అయితే మీరు అదృష్టవంతులు. పక్కవాడి చార్జర్ అడగొచ్చు. రెండూ మాట్లాడుకుని 5 వోల్టులా, 9 ఆ, 20 ఆ అని ఒప్పందానికి వస్తాయి. ఎక్కువ వాట్ల చార్జర్ పెట్టినా ఏమీ కాదు, ల్యాప్‌టాప్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. తక్కువ వాట్లదైతే ఆఫ్ చేసి రాత్రంతా వదిలేస్తే చాలావాటికి కొంతైనా ఎక్కుతుంది. కేబుల్ మాత్రం చూసుకోండి. మామూలు టైప్-సీ కేబుల్ 60 వాట్ల దాకానే. అంతకు మించి పోవాలంటే లోపల చిప్ ఉన్న కేబుల్ ఉండాలి. 100 వాట్ల చార్జర్ కొని, పాత ఫోన్‌తో వచ్చిన కేబుల్ తగిలించి, నిదానంగా ఎక్కుతోందని కంపెనీని తిట్టేవాళ్లు నా టీమ్‌లోనే ఉన్నారు. యూరోపియన్ యూనియన్‌లో ఫోన్లకు 2024 డిసెంబర్ 28 నుంచి టైప్-సీ తప్పనిసరి అయింది. ల్యాప్‌టాప్‌లకు ఆ గడువు 2026 ఏప్రిల్ 28. గుండ్రటి పిన్ను చార్జర్ మాత్రం అరువు తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త. వోల్టేజ్ మీ దానితో సరిపోవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పిన్ను దూరింది కదా అని పెట్టేయకూడదు.

ఇంకో ఫిర్యాదు: ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది అని. రెండు పిన్నుల అడాప్టర్‌లో మూడో పిన్నుకు, అంటే ఎర్త్‌కు, దారే ఉండదు. చార్జర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు మెటల్ బాడీ మీదే ఉండిపోతుంది. ప్రాణం తీసేంత కాదు కానీ చిరాకు. దీనికి విదేశమే పోనక్కర్లేదు. ఎర్తింగ్ లేని మా పాత ఇంట్లో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నప్పుడు మా జేజి ల్యాప్‌టాప్ తుడవబోయి, "దీనికి దయ్యం పట్టిందిరా" అని గుడ్డ విసిరేసింది.

విమానంలో చార్జర్‌ను చేతి సంచిలోనే పెట్టుకోండి. సూట్‌కేసు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా ల్యాప్‌టాప్ ఆగదు. పవర్ బ్యాంక్ అయితే చేతి సంచిలో తప్ప పెట్టనివ్వరు. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74, సరిపోతుంది. మన వాళ్లు ఎక్కువగా ఎక్కే ఎమిరేట్స్‌లో 2025 అక్టోబర్ 1 నుంచి పవర్ బ్యాంక్ ఒకటి తీసుకుపోవచ్చు, లోపల వాడకూడదు. లోపల వాడకూడదనే రూలును సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా అదే ఏడాది ఏప్రిల్ నుంచి పెట్టింది. సీటు కింది సాకెట్‌ను నమ్ముకోకండి. గేమింగ్ ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే చాలాసార్లు అది మొరాయిస్తుంది.

ఇక కువైట్, దుబాయ్, ఖతార్, సింగపూర్, లండన్ పోయేవాళ్లకు. అక్కడ మూడు బల్లపరుపు పిన్నుల ప్లగ్గు. పైన ఉన్న పొడుగు పిన్ను దూరితేనే కింది రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. పెన్నుతో పొడిచి రెండు పిన్నులు దూర్చే విద్య మన వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో కానీ, అది వద్దు. ఆ ప్లగ్గు లోపల ఒక చిన్న ఫ్యూజు కూడా ఉంటుంది. కువైట్‌లో ఉండే మా ఊరి అన్న ఒకాయన ల్యాప్‌టాప్ చార్జర్ కాలిపోయిందని రూములో అందరూ తేల్చేశారు. కొత్త దానికి ఆయన వారం జీతంలో సగం పోయేది. ప్లగ్గు మూత తీసి ఫ్యూజు చూడమన్నా. పోయింది అదే. పక్క బకాలాలో అదే ఆంపియర్ల ఫ్యూజు తెచ్చి వేసుకున్నాడు. ఆ రాత్రే కూతురి పుట్టినరోజు కేక్ కటింగ్ వీడియో కాల్‌లో ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద చూసినాడు.