పదిమంది చెయ్యి పడ్డ జాబితా

సంపాదకుల వారికి,

తెలుగు వికీపీడియా సినిమా జాబితాలను ఎవరు పడితే వారు మారుస్తారు కాబట్టి నమ్మలేమని మీ వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోను. ‘భక్త ప్రహ్లాద’ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు చెప్పినవి అచ్చుపుస్తకాలే. అది 1932 ఫిబ్రవరి 6 అని పాత పత్రికలు గాలించి తేల్చింది పాత్రికేయుడు రెంటాల జయదేవ. అచ్చులో తప్పు దొర్లితే మలి ముద్రణ దాకా ఆగాలి. వికీపీడియాలో ఆ పూటే దిద్దవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో పేజీ చరిత్రలో కనబడుతుంది.

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో అట్ట ఊడిన పాటల పుస్తకం దొరికితే, అందులో చూసి వికీపీడియా జాబితాలో ఒక నటి పేరు చేర్చాను. మర్నాడే ఎవరో ఆధారం అడిగారు. పేజీ సంఖ్యతో సహా ఇచ్చాను. వ్యాసకర్తగారికి ఏదైనా తప్పు కనబడితే దాన్ని కూడా దయచేసి ఆయనే దిద్దాలి.

— ఒక పాఠకురాలు, తెనాలి