ఏ ఫారానికి ఆ ఫైలు

2012 మార్చిలో ఒక యువ ప్రోగ్రామర్ గిట్‌హబ్‌లో పబ్లిక్ కీ మార్చుకునే ఫారానికి, అందులో లేని ఒక విలువను జోడించి పంపాడు. సర్వర్ మారుమాట లేకుండా తీసుకుంది. రైల్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టులోకే కోడ్ ఎక్కించే హక్కు అతని చేతికొచ్చింది. ఏ ఫారం ఏయే విలువలు తీసుకోవాలో సర్వర్‌కు ఖచ్చితంగా చెప్పకపోవడమే కారణం. మరుసటి ఏడాది రైల్స్ 4 ఆ అనుమతుల జాబితాను మోడల్ నుంచి కంట్రోలర్‌కు మార్చింది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలోనూ 1.8 నుంచి మోడల్‌ఫారంలో ఫీల్డులేవో చెప్పకపోతే ఎర్రరే. మంచిదే, కానీ సరిపోదు. జాంగోలో అలవాటుగా ఫారాలన్నీ ఒకే ఫైల్లో పోగవుతాయి. నాలుగున్నప్పుడు హాయి, నలభై అయ్యాక ప్రొఫైల్ ఫారమూ అడ్మిన్ ఫారమూ కవల పిల్లల్లా కనబడి, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని ఇన్‌హెరిట్ చేసే బుద్ధి పుడుతుంది. అడ్మిన్‌కే చెందాల్సిన ఫీల్డు మామూలు యూజర్‌కు చిక్కేది సరిగ్గా అక్కడే. అందుకే ఒక్కో పనికి ఒక్కో ఫారం క్లాసు, దానికో ఫైలు, పక్కనే దాని టెస్టు ఉండి తీరాలి. కొత్తగా చేరిన ఉద్యోగికి ఈ ఫీల్డు ఎవరు పంపగలరో ఒక్క ఫైలు తెరిచి చూపించగలగాలి. పైథాన్‌లో ఇదేమంత శ్రమ కాదు: ఫైలు స్థానంలో అదే పేరుతో ఫోల్డరు పెట్టి, దాని ఇనిట్ ఫైల్లో క్లాసుల్ని ఇంపోర్ట్ చేస్తే ఆ ఫారాల్ని వాడుకునే పాత కోడ్‌లో ఇంపోర్ట్ లైన్లు మార్చక్కర్లేదు.